హోసూరు కోటలోని కెనిల్‌వర్త్: ఒక ఆంగ్లేయ భవనం కథ, దాని మూలం కథ

సరిహద్దు పల్లెల వారికి హోసూరు కొత్త ఊరు కాదు. సంతకో, ఆసుపత్రికో, రిజిస్ట్రేషన్ పనికో, పిల్లల చదువుకో, ఫ్యాక్టరీలో ఉద్యోగానికో ప్రతి కుటుంబం నుంచి ఎవరో ఒకరు ఆ ఊరికి వెళ్ళి వస్తూనే ఉంటారు. చంద్రచూడేశ్వరుని కొండ ఎక్కనివారు ఈ ప్రాంతంలో అరుదు. అయితే అదే ఊరిలో, పాత కోట ఆవరణలో, ఒకప్పుడు ఇంగ్లండు దేశపు కోటను పోలిన రాజభవనం వంటి కట్టడం ఉండేదని, దానికి కెనిల్‌వర్త్ అనే ఆంగ్లపు పేరు ఉండేదని తెలిసినవారు కొద్దిమందే. బ్రెట్ దొర కోట అని కూడా దానికి పేరు. ఇప్పుడు అక్కడ మిగిలినవి శిథిలాలు మాత్రమే.

హోసూరు 2004 ఫిబ్రవరి 9న కృష్ణగిరి జిల్లా ఏర్పడే వరకు ధర్మపురి జిల్లాలో ఉండేది. ఆ ధర్మపురి జిల్లా 1965 అక్టోబరు 2న సేలం జిల్లా నుంచి విడివడింది. ఈ విధంగా ఒకే తరం వారి జీవితకాలంలో ఈ నేల మూడు జిల్లాల పేర్లు మార్చుకొన్నది. ఊరు కదలలేదు గాని, ఊరి కాగితాలు ఒక కచేరి నుంచి మరొక కచేరికి మారుతూ వచ్చాయి. కాగితాలు మారినప్పుడల్లా కొంత జ్ఞాపకం జారిపోతుంది. హోసూరు కెనిల్‌వర్త్ కథ అలా జారిపోతున్న జ్ఞాపకాలలో ఒకటి. ఒక భవనం ఎందుకు పుడుతుంది, ఎంతకాలం నిలుస్తుంది, దేనివల్ల కూలుతుంది అనే మూడు ప్రశ్నలకు ఈ కథలో సమాధానం దొరుకుతుంది.

మేనర్ హౌస్ అంటే ఏమిటి?

ఇంగ్లండు పల్లెలలో మేనర్ హౌస్ అనబడే భవనాలు కొన్ని వందల ఏళ్ళుగా ఉన్నాయి. మేనర్ అంటే ఒక ప్రభువు అధీనంలోని భూభాగం. ఆ ప్రభువు నివసించే ఇల్లే మేనర్ హౌస్. మన ప్రాంతంలో జమీందారు దివాణం, పాళెగాడి కోట, పెద్దరెడ్డి లోగిలి అన్నవి ఏ పని చేసేవో ఆ పనులన్నీ అక్కడ ఆ ఇల్లు చేసేది. రైతులు శిస్తు చెల్లించేది అక్కడే, ధాన్యం కొలిచేది అక్కడే, పొలం గట్ల తగవులు తీర్చేదీ అక్కడే. 1086లో విలియం రాజు వ్రాయించిన డూమ్స్‌డే గ్రంథంలో ఇంగ్లండు దేశపు మేనర్ల లెక్కలు ఊరూరా నమోదయ్యాయి. మన గ్రామకరణాలు వ్రాసిన లెక్కల వంటివే అవి.

ఆ మేనర్లలో ఒక ఆచారం గమనింపదగినది. మేనర్ సభ జరిగినప్పుడు ఫలానా రైతుకు ఫలానా చెక్క సాగు హక్కు ఉన్నదని చిట్టాలో వ్రాసేవారు. ఆ వ్రాతకు నకలు రైతుకు ఇచ్చేవారు. ఆ నకలే రైతుకు రుజువు. మన పట్టా కాగితానికి అది దూరపు బంధువు అనవచ్చును. ఆ పద్ధతి ఇంగ్లండులో 1926 ఆరంభంతో చట్టరీత్యా ముగిసింది.

కనుక మేనర్ హౌస్ అంటే కేవలం ఒక ధనికుని ఇల్లు కాదు. ఊరి భూమి, ఊరి శిస్తు, ఊరి న్యాయం ముడిపడిన చోటు. ఆ ముడి ఉన్నంతకాలం ఇల్లు నిలిచింది. ముడి విడిన తరువాత ఇల్లు వేరొక పని వెతుక్కోవలసి వచ్చింది, లేదా కూలవలసి వచ్చింది.

ధర్మపురిలో మన్రో ఇల్లు

మన ప్రాంతంలో ఆంగ్లేయుల నివాసాల కథ ధర్మపురితో మొదలవుతుంది. 1792లో శ్రీరంగపట్నం సంధి ప్రకారం టిప్పు సుల్తాను బారామహల్ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదులుకొన్నాడు. ఆ ప్రాంతపు పాలనను కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ అనే సైనికాధికారికి అప్పగించారు. ఆయన క్రింద పనిచేసిన సహాయకులలో ఒకరు థామస్ మన్రో. 1761లో గ్లాస్గో నగరంలో పుట్టి, 1780లో మద్రాసుకు వచ్చిన మన్రో 1792 నుంచి 1799 వరకు బారామహల్‌లో పనిచేశాడు. ధర్మపురిలో ఆయనకు ఇల్లు, తోట ఉండేవి. ఊరూరా తిరిగి శిస్తు నిర్ణయించవలసిన పని కనుక ఏడాదిలో అధికకాలం గుడారాలలోనే గడిచేది. అయినా ధర్మపురి తోట మీద ఆయనకు ఎంత మమకారం ఉండేదో స్వదేశంలోని బంధువులకు వ్రాసిన ఉత్తరాల వలన తెలుస్తున్నది.

ఆ ఇల్లు ఇంగ్లండు మేనర్ హౌస్ వంటిది కాదు. పైపెచ్చు, దానికి వ్యతిరేకమైన ఒక ఆలోచన అక్కడ పెరిగింది. మేనర్ హౌస్‌లో రైతుకు, రాజుకు నడుమ ఒక ప్రభువు ఉంటాడు. రీడ్, మన్రో బారామహల్‌లో ప్రారంభించిన పద్ధతిలో నడుమ ఎవరూ ఉండరాదని నియమం. భూమిని కొలిచి, ఒక్కొక్క రైతుతో ప్రభుత్వం నేరుగా ఒప్పందం చేసుకోవాలి. దీనికే రైత్వారీ అని పేరు. సరిహద్దు పల్లెలలో నేటికీ ట్రంకు పెట్టెలో భద్రంగా దాచుకొనే పట్టాకు, పొలం మూలలో పాతిన సర్వే రాయికి మూలాలు వెతికితే ఈ బారామహల్ కొలతల దాకా పోవలసి ఉంటుంది.

ఈ పద్ధతి వల్ల రైతుకు అంతా మేలే జరిగిందని చెప్పలేము. తొలినాటి శిస్తులు భారంగానే ఉండేవి. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాలకు, అనగా నేటి రాయలసీమ, బళ్ళారి ప్రాంతాలకు ప్రధాన కలెక్టరుగా ఉన్న మన్రోయే శిస్తులో నాలుగవ వంతు తగ్గించాలని సిఫారసు చేశాడు. అప్పట్లో పైవారు అంగీకరించలేదు. 1820లో ఆయన మద్రాసు గవర్నరు అయిన తరువాత గాని ఆ తగ్గింపు అమలుకు రాలేదు. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో మన్రో మరణించాడు. మొదట గుత్తిలో ఖననం చేసి, తరువాత అస్థికలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని చర్చికి తరలించారు. రాయలసీమలో బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్న కుటుంబాలు ఉండేవి.

ధర్మపురిలో మన్రో ఇల్లు నేడు లేదు. ఆయన స్మారకంగా పట్టణంలో ఒక స్తంభం మాత్రం ఉన్నది. ఇల్లు పోయినా ఆ ఇంటిలో పుట్టిన పని, అనగా భూమి కొలత, పట్టా, శిస్తు లెక్క, పోలేదు. ఇది మొదటి రకం గతి: గోడలు పోయి, పని మిగిలినది. హోసూరులో జరిగినది దీనికి పూర్తిగా భిన్నం.

కోటలో మరొక కోట

హోసూరు అనే పేరు కన్నడంలో కొత్త ఊరు అనే అర్థం ఇస్తుంది. ఇక్కడి కోట మైసూరు పాలకుల కాలంలో యుద్ధ ప్రాముఖ్యం గలది. కనుమల మీదుగా బారామహల్‌కు దిగే దారులను కాపాడే స్థానాలలో అది ఒకటి. టిప్పు సుల్తాను హామిల్టన్ అనే ఆంగ్ల ఖైదీ చేత ఈ కోటను పటిష్ఠం చేయించాడని, 1791లో కార్న్‌వాలిస్ సైన్యం సమీపించిన వేళ ఆ ఖైదీని చంపివేశారని ఆంగ్లేయుల రచనలు చెబుతున్నాయి. ఆ ఏడాది జులైలో కోట కంపెనీ సైన్యం వశమైనది. అయితే 1792 సంధిలో కంపెనీకి దక్కినది దిగువనున్న బారామహల్ మాత్రమే. హోసూరు ప్రాంతం 1799లో టిప్పు మరణానంతరమే కంపెనీ పాలనలోకి వచ్చింది.

యుద్ధాలు ముగిసిన తరువాత కోటకు కోటగా పని లేకపోయింది. అప్పుడు ఆంగ్ల అధికారుల దృష్టి ఇక్కడి గాలి మీద పడింది. సముద్రమట్టానికి దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉన్న హోసూరు, ఎండలు మండే సేలంతో పోలిస్తే చల్లని చోటు. బెంగుళూరు దండు ప్రాంతం 40 కిలోమీటర్ల దూరమే. చిన్న ఇంగ్లండు అని దొరలు ఈ ఊరికి ముద్దుపేరు పెట్టుకొన్నారు. 1830 నుంచి 1860 వరకు సేలం జిల్లాకు కేంద్రస్థానం హోసూరే. జిల్లా పేరు సేలం, కలెక్టరు కాపురం హోసూరులో అన్నమాట. దక్షిణాన ఎక్కడో ఉన్న రైతు తన అర్జీ పట్టుకొని కనుమ ఎక్కి ఇంత దూరం రావలసి వచ్చేదని గ్రహిస్తే, ఈ చల్లని గాలికి ఎవరు మూల్యం చెల్లించారో అర్థమవుతుంది.

ఆ కాలపు చివరి కలెక్టరులలో ఒకరు బ్రెట్. 1853 నుంచి 1862 వరకు ఆయన సేలం కలెక్టరు. ఆయన కోట ఆవరణలో తన నివాసంగా ఒక పెద్ద భవనం కట్టించి, ఇంగ్లండులోని వార్విక్‌షైర్ ప్రాంతపు కెనిల్‌వర్త్ కోట నమూనా అని ఆ పేరే పెట్టాడు. తాను పెండ్లాడగోరిన యువతి, కెనిల్‌వర్త్ వంటి కోట కట్టిస్తేనే ఈ దేశానికి వస్తానని షరతు పెట్టిందని, ఆమె కోసమే ఇంత ఖర్చు చేశాడని ఊరిలో ఒక కథ చెప్పుకొంటారు. పాత భవనాల చుట్టూ ఇటువంటి కథలు అల్లుకొనడం సహజం. కథ నిజమైనా కాకపోయినా, కలెక్టరు కాపురం కోసం కట్టిన కట్టడం కలెక్టరుతోనే ముడిపడి ఉన్నదన్నది మాత్రం యథార్థం. రాయి కొట్టి, సున్నం కాల్చి, గచ్చు నూరి, బండి కట్టి తోలిన చేతులు మాత్రం ఈ చుట్టుపక్కల పల్లెలవే అయి ఉండాలి. వారి పేర్లు ఆ కథలో ఎక్కడా వినిపించవు.

1860లో జిల్లా కేంద్రం సేలంకు మారింది. 1862తో బ్రెట్ పదవీకాలం ముగిసింది. భవనానికి ఉన్న ఏకైక ప్రయోజనం దానితోనే తీరిపోయింది. హోసూరులో సబ్-కలెక్టరు కచేరి నిలిచింది గాని, ఒక చిన్న పట్టణానికి, ఒక చిన్న అధికారికి ఆ భవనం మితిమీరిన బరువు. బడిగానో, ఆసుపత్రిగానో, సత్రంగానో అది ఊరిదిగా మారలేదు. పనిలేని ఇంటికి మొదట కప్పు పోతుంది. కప్పు పోయిన గోడలో వాన నీరు దిగుతుంది. తడిసిన గోడలో రావి మొలుస్తుంది. ఆ తరువాత రాళ్ళు ఒక్కొక్కటిగా కనబడకుండా పోతాయి. ఏ పాత కట్టడమైనా కూలే క్రమం ఇదే. హోసూరు కెనిల్‌వర్త్ నేడు శిథిల గోడలుగా మిగలడం వింత కాదు. ఇది రెండవ రకం గతి: పని పోయి, గోడలు కూడా పోయినది.

అసలు కెనిల్‌వర్త్ ఎలా నిలిచింది?

బ్రెట్ అనుకరించిన అసలు కెనిల్‌వర్త్ కథ ఇంకా ఆశ్చర్యకరమైనది. బ్రెట్ కాలానికే అది రెండు వందల ఏళ్ళ శిథిలం. అంటే హోసూరులో లేచినది, అప్పటికే కూలిపోయిన కోటకు ప్రతిరూపం.

ఇంగ్లండు నడిబొడ్డున ఉన్న ఆ కోటను 1120ల ప్రాంతంలో జెఫ్రీ డి క్లింటన్ అనే రాజోద్యోగి మొదలుపెట్టాడు. తరువాత అది రాజుల వశమైనది. చుట్టూ వాగులకు కట్ట వేసి పెద్ద చెరువు నిలిపారు. ఆ నీరే కోటకు రక్షణ. 1266లో రాజసైన్యం ఆ కోటను ఆరు నెలల పాటు ముట్టడించింది. లోపలి వారు ఆకలికి, రోగాలకు లొంగారే తప్ప కోట గోడలు లొంగలేదు. ఇది ఆ భవనపు మొదటి అవతారం, యుద్ధదుర్గం.

14వ శతాబ్దంలో జాన్ ఆఫ్ గాంట్ అనే రాజకుమారుడు అక్కడ గొప్ప సభామందిరం కట్టించాడు. 1563లో ఎలిజబెత్ రాణి ఆ కోటను తనకు ప్రియమైన రాబర్ట్ డడ్లీకి ఇచ్చింది. ఆయన దానిని విలాసభవనంగా మార్చాడు. పెద్ద పెద్ద గాజు కిటికీలు, పూలతోట, కొత్త సింహద్వార భవనం ఏర్పడ్డాయి. 1575 జులైలో రాణి పరివారంతో వచ్చి 19 రోజులు అక్కడ విడిది చేసింది. బాణసంచా, వేట, నాటకాలు, విందులతో ఆ రోజులు చరిత్రకెక్కాయి. ఇది రెండవ అవతారం.

17వ శతాబ్దంలో ఇంగ్లండులో రాజుకు, పార్లమెంటుకు యుద్ధం జరిగింది. కోట మళ్ళీ శత్రువుల చేతిలో పడరాదని పార్లమెంటు 1649లో దానిని పనికిరాకుండా చేయమని ఆదేశించింది. ప్రధాన బురుజుకు ఉత్తరపు గోడను పగులగొట్టారు. చెరువును ఎండగట్టారు. ఇక్కడే ఆ భవనం పూర్తిగా అంతరించి ఉండవలసినది. కాని పార్లమెంటు సైన్యాధికారి హాక్స్‌వర్త్ సింహద్వార భవనాన్ని తన కాపురపు ఇల్లుగా మార్చుకొన్నాడు. ఎండిన చెరువు నేల సాగులోకి వచ్చింది. కోట ఆవరణ వ్యవసాయ క్షేత్రమైనది. రాణి నడిచిన చోట గొడ్లు మేశాయి. వినడానికి ఇది అవమానంగా తోచవచ్చును గాని, ఆ కాపురం, ఆ సాగు వల్లనే ఆ భాగం నిలిచింది. మనిషి పొయ్యి వెలిగించినంత కాలం కప్పు కారితే చూసేవారు ఉంటారు. ఇది మూడవ అవతారం.

1821లో వాల్టర్ స్కాట్ కెనిల్‌వర్త్ అనే నవల వ్రాశాడు. ఆ నవలతో శిథిలాల కీర్తి దేశమంతా వ్యాపించింది. యాత్రికులు బండ్లు కట్టుకొని వచ్చి ఆ గోడలను చూసి పోసాగారు. భవనానికి నాలుగవ పని దొరికింది, అది చూడదగిన చోటు కావడం. 1937లో కార్ల పరిశ్రమాధిపతి జాన్ సిడ్లీ దానిని కొని, 1938లో ప్రభుత్వ సంరక్షణకు అప్పగించాడు. 1958లో ఆయన కుమారుడు దానిని ఆ ఊరి ప్రజలకే దానం చేశాడు. 1984 నుంచి ఇంగ్లిష్ హెరిటేజ్ అనే సంస్థ నిర్వహణలో ఉన్నది. డడ్లీ కాలపు పూలతోటను మళ్ళీ పాత పద్ధతిలో వేసి 2009లో ప్రజలకు తెరిచారు. ఇది మూడవ రకం గతి: గోడలు విరిగినా, పనులు మారుతూ వచ్చి, మిగిలినదంతా నిలిచినది.

అసలు కోట కూలగొట్టబడి కూడా నిలిచింది. నకలు కోటను ఎవరూ కూలగొట్టకపోయినా నిలువలేదు. రెండింటికీ రాళ్ళలో భేదం కన్నా, వాటిని తమవి అనుకొన్న మనుషుల విషయంలో భేదమే పెద్దది.

ఇంగ్లండులోనూ అన్నీ నిలువలేదు

ఇంగ్లండు వారు అన్నిటినీ కాపాడుకొన్నారని తలచరాదు. 1894లో పెద్ద ఆస్తులకు మరణానంతర పన్ను విధించారు. తండ్రి పోతే కొడుకు పన్ను కట్టలేక ఇల్లు అమ్మవలసి వచ్చేది. విదేశీ ధాన్యం చవకగా దిగుమతి కావడంతో భూముల మీది రాబడి తగ్గింది. రెండు ప్రపంచ యుద్ధాలలో వారసులు చనిపోయారు, పనివారు పట్టణాలకు, ఫ్యాక్టరీలకు తరలిపోయారు. ఆ యుద్ధకాలంలో ఎన్నో భవనాలు సైనిక ఆసుపత్రులుగా, బడులుగా, దండు విడుదులుగా మారాయి. 20వ శతాబ్దంలో వెయ్యికి పైగా పెద్ద పల్లెభవనాలను పడగొట్టారు. 1974లో లండనులోని ఒక ప్రసిద్ధ మ్యూజియం ఆ పోయిన ఇండ్ల చిత్రాలతోనే ఒక ప్రదర్శన ఏర్పాటు చేసినప్పుడు జనం కదిలిపోయారు. మిగిలినవి మిగలడానికి కారణం, కొన్ని బడులైనవి, కొన్ని వృద్ధాశ్రమాలైనవి, కొన్ని పెండ్లి మండపాలైనవి, మరికొన్ని 1895లో పుట్టిన నేషనల్ ట్రస్టు వంటి సంస్థల చేతికి వచ్చాయి. అనగా ప్రభువు పోయినా ఊరికి ఉపయోగపడినవే బ్రతికాయి.

మన దగ్గర నిలిచినవి

ఈ సూత్రం మన ప్రాంతంలోనూ కనబడుతుంది. హోసూరు ప్రక్కనే మత్తిగిరిలో 1824లో కంపెనీ సైన్యం గుర్రాల పెంపకానికి ఒక క్షేత్రం నెలకొల్పింది. బ్రెట్ కోట కన్నా అది దాదాపు మూడు దశాబ్దాలు పాతది. గుర్రపు దళాల అవసరం తగ్గిన తరువాత 1924లో అది పశువుల పెంపక క్షేత్రంగా మారింది. 1,600 ఎకరాలకు పైబడిన ఆ క్షేత్రం స్వాతంత్ర్యం తరువాత కూడా పశుసంవర్ధక శాఖ చేతిలో కొనసాగింది. కోళ్ళ పెంపకాన్ని బోధించే కళాశాల కూడా మత్తిగిరిలో వెలసింది. గుర్రం పోయి ఆవు వచ్చింది, ఆవు వెంట చదువు వచ్చింది. పని మారింది గాని ఆగలేదు.

హోసూరు సమీపంలోని తొరపల్లి గ్రామంలో 1878 డిసెంబరు 10న చక్రవర్తి రాజగోపాలాచారి జన్మించారు. స్వతంత్ర భారత గవర్నరు జనరలుగా పనిచేసిన రాజాజీ పుట్టిన ఆ ఇల్లు అగ్రహారపు సామాన్యమైన ఇల్లే. దానికి బురుజులు లేవు, సింహద్వారం లేదు. అయినా తమిళనాడు ప్రభుత్వం దానిని స్మారక భవనంగా కాపాడింది. దొరగారి కోట శిథిలమైన చోటికి కొద్ది దూరంలోనే మునసబు గారి పెంకుటిల్లు నిలిచి ఉండటం ఆలోచింపదగిన విషయం. ఇంటి పరిమాణం కన్నా, ఆ ఇల్లు తమదని చెప్పుకొనేవారు ఉండటమే ముఖ్యమని ఇది తెలుపుతున్నది.

తెలుగునాట ఇంకొక ఉదాహరణ హైదరాబాదు కోఠిలోని రెసిడెన్సీ భవనం. నిజాము కొలువులో కంపెనీ ప్రతినిధిగా ఉన్న కిర్క్‌పాట్రిక్ 1803లో దాని నిర్మాణం ప్రారంభింపజేశాడు. ఆంగ్ల ప్రభువుల పల్లెభవనాల తీరులోనే, ఎత్తైన స్తంభాలతో దానిని కట్టారు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వాన ప్రజలు ఆ రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఆంగ్ల పాలన పోయిన తరువాత, 1949లో అందులోకి మహిళా కళాశాల వచ్చింది. తరతరాల ఆడపిల్లలు ఆ మెట్లెక్కి చదువుకొన్నారు. మధ్యలో కట్టడం బాగా దెబ్బతిన్నా, చదువుకొన్న వారు, చరిత్ర తెలిసినవారు గొంతెత్తడంతో మరమ్మతులు జరిగాయి. ఆ కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైనది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. కంపెనీ దొర ఇంటికి, దొరలను ఎదిరించి తన పంటను కాపాడుకొన్న ఒక రైతు మహిళ పేరు రావడం కన్నా పెద్ద మార్పు ఒక భవనానికి ఇంకేమి ఉంటుంది?

ఇది సరిహద్దు కుటుంబాలకు ఎందుకు?

దొరలు కట్టిన ఇండ్లు కూలితే మనకేమి అని అడగవచ్చును. ఆ ప్రశ్నలో న్యాయం ఉన్నది. మన శిస్తుతో, మన శ్రమతో కట్టి, మనలను గుమ్మం బయట నిలబెట్టిన ఇండ్లవి. కాని ఇక్కడ పోతున్నది దొర గౌరవం కాదు. దొర ఉత్తరాలు, లెక్కలు చెన్నైలోను, లండనులోను అచ్చయి భద్రంగా ఉన్నాయి. పోతున్నది మన వైపు కథ. ఆ ఇంటికి రాయి మోసిన కుటుంబం, కచేరికి అర్జీ పట్టుకొని నడిచిన తాత, తోటమాలి, బండివాడు, వంటవాడు, వీరి మాట ఏ గెజిటీరులోనూ లేదు. అది తెలుగులోను, కన్నడంలోను, తమిళంలోను ఇండ్లలో చెప్పుకొన్న మాటగానే ఉన్నది. కట్టడం కనబడినంతకాలం పిల్లవాడు ఇదేమిటని అడుగుతాడు, పెద్దవారు చెబుతారు. కట్టడం కనుమరుగైతే ప్రశ్న ఉండదు, జవాబూ ఉండదు.

సరిహద్దు వారికి ఈ నష్టం మరింత ఎక్కువ. మూడు రాష్ట్రాల అంచున ఉన్నందున ఏ రాష్ట్రపు పాఠ్యపుస్తకంలోనూ వీరి ఊళ్ళకు పెద్దగా చోటు ఉండదు. తమ ఊరి చరిత్రను తామే చెప్పుకోవలసినవారు వీరు.

చేయవలసిన పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ప్రతి ఊరిలో ఏదో ఒక పాత కట్టడం ఉంటుంది: ముసాఫరు బంగళా, పాత కచేరి, మిషను ఇల్లు, సత్రం, చావడి, పాత బడి. మొదట దాని ఫోటో తీసి, తేదీ వేసి దాచుకోవాలి. ఇంటిలోని పెద్దవారు దాని గురించి చెప్పే మాటలను నోటు పుస్తకంలో వ్రాసుకోవాలి, చెప్పినవారి పేరు, వయస్సు, వ్రాసిన తేదీతో సహా. ఆ స్థలం ఎవరి పేరిట ఉన్నదో గ్రామ లెక్కలలో చూసుకోవాలి. పాత గోడల రాళ్ళను ఎవరూ తరలించకుండా చూడాలి. గ్రామసభ జరిగే జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీలలో ఆ కట్టడం ఊరికి ఏ విధంగా ఉపయోగపడగలదో చర్చించి, తీర్మానం వ్రాయించవచ్చును. తమిళనాడులో 1966 నాటి పురాతన కట్టడాల చట్టం, 2012 నాటి వారసత్వ కమిషను చట్టం ఉన్నాయి. కలెక్టరుకు ఇచ్చే అర్జీలో కట్టడం వయస్సు, స్థలపు సర్వే నెంబరు, ఫోటో జతచేస్తే ఆ అర్జీకి బలం వస్తుంది.

అన్నిటి కన్నా ముఖ్యం, కట్టడానికి ఒక పని ఇవ్వడం. ఒక గదిలో తెలుగు పుస్తకాలు పెట్టి సాయంకాలం పిల్లలు చదువుకొనేటట్లు చేసినా చాలును. దీపం వెలిగే గదికి కప్పు కారనివ్వరు.

ధర్మపురిలో ఇల్లు పోయి పని మిగిలింది. హోసూరులో పని పోయి ఇల్లూ పోయింది. ఇంగ్లండు కెనిల్‌వర్త్‌లో పని మారుతూ ఇల్లు మిగిలింది. తమ ఊరిలోని పాత ఇంటికి ఈ మూడింటిలో ఏ గతి పట్టాలో నిర్ణయించుకొనే అవకాశం సరిహద్దు పల్లెలకు ఇంకా ఉన్నది. ఈసారి హోసూరు వెళ్ళినప్పుడు, పని ముగించుకొని బస్సు ఎక్కే ముందు, పిల్లలను వెంటబెట్టుకొని ఆ కోట వైపు ఒకసారి నడిచి చూడటంతో ఆ నిర్ణయం మొదలు కావచ్చును.